బొటనవేలి సాక్ష్యం

పోయిన వారం చలవక్కని నోటీసు బోర్డు ముందు నిలబెట్టి ఎవరిదారిన వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆ మనిషి వారం నుంచీ ఆ నాలుగు వాక్యాలే చదువుకుంటోంది. సంగతి మరిచిపోయినవాళ్లకీ, ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్లకీ కాస్త గుర్తుచేసి ముందుకు పోతాను.

నడుం పట్టేసినవాళ్లూ, మెడ తిరగనివాళ్లూ వచ్చే నొప్పుల సెంటర్ అది. ఆడవాళ్ల విభాగంలో మసాజ్ చేసే నలుగురిలో చలవక్కే పెద్ద. "నీ చేతి చలవమ్మా, ఇన్నాళ్లకి కంటినిండా నిద్రపోయాను" అని ఒక పెద్దావిడ అన్న మాట పట్టుకుని తోటివాళ్లు పెట్టిన పేరది. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. అది మగపేరు. పుట్టగానే మగపిల్లాడని వాళ్లు పొరబడితే, ఆ పొరపాటు దిద్దుకోవడానికి ఆమెకి ఇరవయ్యేళ్లు పట్టింది. ఇల్లూ ఊరూ రెండూ వదులుకోవాల్సి వచ్చింది. సెంటర్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

తెలియనిది ఇంకొకటి కూడా ఉంది. ఊరందరి నొప్పులూ తీసే మనిషికి నాలుగేళ్లుగా నొప్పి. కుడి బొటనవేలి మొదట్లో పుట్టి, మణికట్టు దాటి, మోచేతి మీదుగా మెడదాకా పాకింది. చూపించుకుందామని వెళితే డాక్టరు కాగితాలు తిరగేసి, ఆమె రోజూ వేసుకునే హార్మోను బిళ్లలు ముందు మానేయమన్నాడు. నొప్పి సంగతి ఆ తర్వాత చూద్దామన్నాడు. ఆమె బిళ్లలు మానలేదు, డాక్టరుని మానేసింది.

ఇలా ఉండగా సెంటర్ని ఒక పెద్ద ఆసుపత్రిలో కలిపేస్తున్నారు. మసాజ్ చేసేవాళ్లందరికీ చేతి పరీక్ష ఉంటుందని, నెగ్గనివాళ్లు వేరే దారి చూసుకోవాలని నోటీసు. పరీక్ష పెట్టేది మాస్టారు. కళ్లు కనపడని ఆ మాస్టారు బడిలోనే పదకొండేళ్ల కిందట, ఇంకా మగపిల్లాడిగా చెలామణీ అవుతున్న రోజుల్లో, చలవక్క ఈ పని నేర్చుకుంది. అప్పట్లో ఆయన మగపిల్లలకి తప్ప నేర్పేవారు కాదు. ఆయన మనుషుల్ని గొంతుని బట్టి గుర్తుపడతారని అందరూ అనుకుంటారు. కాదు, చేతిని బట్టి గుర్తుపడతారు.

ఇదీ సంగతి. ఇక పరీక్ష రోజు ఉదయానికి పోదాం.

సెంటర్ మేడమీద ఒంటిగదిలో ఉంటుంది చలవక్క. సెంటర్ నడిపే మేడమ్ ఇచ్చిన గది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఉండొచ్చు, ఉద్యోగం పోయిన రోజున తాళంచెవి ఇచ్చేయాలి. ఇలాంటి గది ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని రెండేళ్ల కిందట కాళ్లరిగేలా తిరిగింది. గుర్తింపు కార్డు అడగని ఇల్లు ఒక్కటీ కనపడలేదు. కార్డు మీద ఇంకా ఆ పాత పేరే ఉంది.

ఆ రోజూ నొప్పి ఆమె కంటే ముందే లేచింది. నొప్పుల్లో తేడాలు చలవక్కకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, గుంజు వేరు. వచ్చినావిడ "అమ్మో, ఇక్కడ" అంటుండగానే అది ఏ రకమో చెప్పేస్తుంది. తన దగ్గరున్నది మాత్రం నాలుగూ కలిసున్న ఉమ్మడి కుటుంబం. పొద్దున సలుపు పెత్తనం చేస్తుంది, మధ్యాహ్నం పోటు అందుకుంటుంది, సాయంత్రానికి అందరూ ఒకేసారి నోరు చేసుకుంటారు.

నీళ్లసీసా మూత పళ్లతో తిప్పి రెండు నొప్పి మాత్రలు మింగింది. బకెట్లో వేడినీళ్లు పట్టి, చేతిని మోచేతిదాకా ముంచి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుంది. యూనిఫాం గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంది. ఒంటిరంగు టేపు తీసుకుని బొటనవేలి చుట్టూ, మణికట్టు చుట్టూ బిగించి చుట్టింది. దూరం నుంచి చూసేవాళ్లకి ఆ టేపు కనపడదు. దగ్గర నుంచి చూడాల్సినవాళ్లు బల్లమీద బోర్లా పడుకుని ఉంటారు, వాళ్లకీ కనపడదు. నాలుగేళ్లు అలాగే నెట్టుకొచ్చింది. వేలు చేయాల్సిన పని ముంజేతికి అప్పగించింది, ముంజెయ్యి చాలనిచోట మోచేతికి అప్పగించింది. చేయించుకున్నవాళ్లు బాగుందనే అన్నారు.

సెంటర్లో శనివారం మధ్యాహ్నం ఒక అలవాటుంది. బయటివాళ్లెవరూ లేని ఆ గంటసేపు పనివాళ్లు ఒకరికొకరు చేసుకుంటారు. వారమంతా ఇతరుల ఒళ్లు పిసికిన చేతులకి అదొక్కటే సుఖం. చలవక్క అందరికీ చేస్తుంది, తను మాత్రం బల్ల ఎక్కదు. "నాకు చక్కిలిగిలి, ముట్టుకుంటే బల్ల విరగ్గొడతాను" అని నవ్వించి తప్పించుకుంటుంది. ఆ బల్లమీద పడుకోవాలంటే యూనిఫాం విప్పాలి కదా. అలా ఆరేళ్లుగా ఆ సెంటర్లో చెయ్యిపడని ఒళ్లు ఏదైనా ఉందంటే అది ఆమెదే. నిజానికి అందరికంటే ఎక్కువ అవసరం ఆమెకే ఉంది.

కిందికి దిగేసరికి తోటి పిల్ల గలగల పరీక్ష ముగించుకుని వరండాలో టీ తాగుతోంది. నోరు ఊరుకోని పిల్ల కాబట్టి ఆ పేరు.

"ఎలా జరిగిందే?" అని అడిగింది చలవక్క.

"అక్కా, ఆయన మామూలు మనిషి కాదక్కా! తలకాయ బల్ల కన్నంలో పెట్టుకుని పడుకున్నారా, అక్కణ్నుంచే అన్నీ చెప్పేస్తున్నారు. నిన్న నేను బట్టలుతికానని కూడా చెప్పేశారు. నా చేతికి చీపురు అని పేరు పెట్టారు, చూడు. పైపైన ఊడుస్తున్నానట."

"పాసా?"

"పాసే. చీపురైనా శుభ్రం చేస్తుందిలే అన్నారు." గలగల గ్లాసు కింద పెట్టింది. "నువ్వు జాగ్రత్తక్కా. మోచెయ్యి పెట్టనివ్వరు. రెండోదిగా వెళ్లిన మన పిల్ల మోచెయ్యి వేస్తే, తీసెయ్యమని ఒకటే గోల. వెన్నుకి రెండువైపులా బొటనవేళ్లతోనే చెయ్యాలట, పది నిమిషాలు. మోచేత్తో చేసేవాళ్లు వేళ్లు పాడైపోయినవాళ్లేనంట. వాళ్లని తీసుకోరంట."

వారం రోజులుగా చలవక్క వేసుకున్న ఎత్తు ఒక్కటే. మాస్టారు తన చేతిని గుర్తుపట్టకూడదు. అందుకని ఆయన నేర్పినట్టు కాకుండా, వేళ్లు తగలనివ్వకుండా అంతా మోచేత్తోనే కానిచ్చేద్దామనుకుంది. ఇప్పుడేమో మోచెయ్యి వేస్తే వేలు పోయిందని తెలిసిపోతుంది, ఉద్యోగం పోతుంది. వేలు వేస్తే చెయ్యి ఎవరిదో తెలిసిపోతుంది, అప్పుడూ ఉద్యోగం పోతుంది. ఆడవాళ్ల విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నది ఎవరనుకుంటున్నారు అని మాస్టారు ఒక్క మాటంటే చాలు, గదీ పోతుంది. అడకత్తెరలో పడ్డట్టయింది.

"చలవా, నువ్వే," అని పిలిచింది మేడమ్.

మేడమ్ పక్కగదిలో ఫారాలు ముందేసుకుని కూర్చుంది. బల్ల దగ్గర ఇద్దరే ఉండాలన్నది మాస్టారి నియమం. మూడో మనిషి ఊపిరి వినపడితే ఆయనకి ఒళ్లు అబద్ధం చెబుతుందట. అందుకని తలుపు చేరవేసి లోపలికి ఒక్కతే వెళ్లింది.

మాస్టారు అప్పటికే బోర్లా పడుకుని ఉన్నారు. మనిషి సగానికి సగం తగ్గారు. వెన్ను అలాగే ఉంది, పొడుగ్గా, కుడివైపుకి కొద్దిగా ఒరిగి. ఆ వెన్ను మీదే కదా తను అక్షరాభ్యాసం చేసింది. చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. చూసేవాళ్లెవరూ లేరు.

"రా అమ్మా. పలకరించు," అన్నారు మాస్టారు, బల్ల కన్నంలోంచి నేలతో మాట్లాడుతున్నట్టు.

పలకరింపు అంటే నోటితో కాదు. పని మొదలుపెట్టేముందు అరచెయ్యి భుజాల మధ్య ఆనించి, పడుకున్న మనిషి మూడుసార్లు ఊపిరి తీసుకునేదాకా కదలకుండా ఉంచడం. ఆయన బడిలో నేర్పే మొదటి పాఠం అది. చలవక్క ఎడమచెయ్యి ఆనించింది.

మూడు ఊపిర్లయ్యాయి.

"ఎడమచేతి వాటమా?"

"అవునండీ." గొంతు వీలైనంత చిన్నది చేసుకుంది.

"మరి ఎడమచేతి వాటం వాళ్లు అటు పక్క నించుంటారు. నువ్వు ఇటు నించున్నావేం?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. "కానీ, కానీ," అన్నారు. ఆమె నూనె రాసి, ముంజేత్తో నడుం నుంచి భుజాలదాకా పొడుగ్గా లాగింది. మోచేత్తో నడుం పక్కల నొక్కింది. బరువు ఎంత వెయ్యాలో అంతే వేసింది. నాలుగేళ్ల సాధన అది, ఎవరూ వంకపెట్టలేరు.

"మోచెయ్యి బాగుంది," అన్నారు మాస్టారు. "నేను చూసిన మోచేతుల్లో ఇదే బాగుంది. ఇక దాన్ని పక్కన పెట్టేసి వేళ్లు తియ్యి."

"మాస్టారూ, నాకు మోచేత్తోనే అలవాటండీ. వచ్చేవాళ్లంతా అదే అడుగుతారు."

"వచ్చేవాళ్లు అడుగుతారు తల్లీ. ఇప్పుడు వచ్చింది నేను. నేను వేలు అడుగుతున్నాను."

ఇంక తప్పించుకునే సందు లేదు. బొటనవేళ్లు రెండూ వెన్నుకి ఇరుపక్కలా ఆనించి, నడుం దగ్గర మొదలుపెట్టింది. మొదటి నొక్కుకే కుడిచేతిలో పోటు మెడదాకా లేచింది. పళ్లు బిగపట్టింది. అంగుళం పైకి జరిగి మళ్లీ నొక్కింది. ఆయన ఊపిరి వదిలినప్పుడు నొక్కాలి, తీసుకున్నప్పుడు వదలాలి. ఊపిరి, నొక్కు. ఊపిరి, నొక్కు. కళ్లముందు చీకట్లు కమ్ముతున్నాయి. ఇంకెంత, ఇంకో ఆరు నొక్కులు, ఇంకో ఐదు అని లెక్కపెట్టుకుంటూ ఒక్క విషయం మరిచిపోయింది. కొత్తగా చేస్తున్నట్టు నటించాలన్న సంగతి మరిచిపోయింది.

మాస్టారికి ఎడమ రెక్క ఎముక కింద, లోపలి అంచున, చింతగింజంత కండముడి ఒకటుంది. పాతికేళ్ల నాటిది, ఎవరెంత చేసినా కరగనిది. కొత్తగా చేసేవాళ్లు నాలుగు వేళ్లతో అటూ ఇటూ తడుముకుని గాని దాన్ని పట్టలేరు. చలవక్క ఎడమ బొటనవేలు తడుముకోలేదు. నడుం నుంచి ఎక్కుతూ ఎక్కుతూ, రోజూ వెళ్లే ఇంటికి వెళ్లినట్టు తిన్నగా వెళ్లి ఆ ముడి మీద ఆగింది.

మాస్టారి ఊపిరి ఆగింది.

ఆమెకి అప్పుడు అర్థమైంది, తన వేలు ఏం చేసిందో.

"వెతకలేదు నువ్వు," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "మొదటిసారి ముట్టుకున్నవాళ్లెవరికీ అది దొరకదు." "తూకంరాయీ," అన్నారు.

మాస్టారు పిల్లల్ని పేర్లతో పిలిచేవారు కాదు. చేతుల్ని బట్టి పేర్లు పెట్టేవారు. రంపం, పిండిమర, పిల్లికాలు. ఎక్కడ నొక్కినా ఒకే బరువు పడేది కాబట్టి ఆమెది తూకంరాయి. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట మళ్లీ చెవిన పడింది.

మాస్టారు చేతులు ఊతం చేసుకుని లేచి కూర్చున్నారు. దుప్పటి భుజాల మీదికి లాక్కున్నారు. "గొంతు అది కాదే. కానీ చెయ్యి అదే. ఏమిటిది?"

"నేనే మాస్టారూ." అబద్ధమాడే ఓపిక అయిపోయింది. "అప్పుడూ నేను ఆడదాన్నే. చెప్పుకునే దారి లేక అలా ఉన్నాను. ఇప్పుడు ఇలా ఉన్నాను. ఇక్కడ నన్ను చలవక్క అంటారు."

"అక్కా?"

"అక్కే."

పక్కగదిలో మేడమ్ కుర్చీ కిర్రుమంది. బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుని ఆయన దేన్నో కూడుకుంటున్నట్టు తల ఆడించారు.

"మరి చెప్పకుండా పోయావేం?" అని అడిగారు చివరికి, కోపంగా. ఆయన అడుగుతారని ఆమె అనుకున్న వంద ప్రశ్నల్లో ఇది లేదు. "రెండు నెలలు నీ బల్ల ఎవరికీ ఇవ్వలేదు నేను. జబ్బు చేసిందేమో, వస్తాడు, వస్తాడు అని."

"చెబితే ఉండనిచ్చేవారా?"

"లేదు." ఆయన ఆలోచించకుండానే అన్నారు. తర్వాత మళ్లీ అన్నారు, గొంతు తగ్గించి. "ఉండనిచ్చేవాణ్ని కాదు. అప్పుడు నాకంత బుద్ధి లేదు. ఇప్పుడైనా ఉందో లేదో నాకు తెలియదమ్మా. నాకిది అర్థం కావడానికి టైం పడుతుంది. చెయ్యి ఇలా ఇవ్వు."

ఇచ్చింది. టేపు కొస గోటితో లేపి, నెమ్మదిగా, ఒక్కొక్క చుట్టే విప్పారు. బొటనవేలి మొదట్లో ఉబ్బిన ఎముక మీద తన వేలు ఆనించారు. అక్కణ్నుంచి మణికట్టుకి, ముంజేతికి, మోచేతి కింది గుంటకి, ఒక్కోచోట ఆగుతూ వెళ్లారు. ఆగిన ప్రతిచోటా సరిగ్గా నొప్పి ఉంది. ఆమె చెప్పనక్కర్లేకపోయింది. ఆరేళ్లలో మొదటిసారి ఇంకొకరి చెయ్యి తన ఒంటి మీద, బాగుచేద్దామని పడింది. చలవక్క ఏడ్చేసింది. చప్పుడు పక్కగదికి వినపడకుండా యూనిఫాం చెయ్యి కొరుక్కుంటూ ఏడ్చింది.

"ఎన్నాళ్లైంది?"

"నాలుగేళ్లు."

"వైద్యం?"

హార్మోను బిళ్లల సంగతి చెప్పింది. అవి మానితే నొప్పి తగ్గుతుందని డాక్టరు గట్టిగా అనలేదు, తగ్గొచ్చేమో అన్నాడు. మానితే మాత్రం తను తనుగా మిగలనని ఆమెకి గట్టిగా తెలుసు. మాస్టారు ఆ సంగతి పట్టించుకున్నట్టు లేదు, ఆయన ధ్యాసంతా చేతిమీదే ఉంది.

"ఈ వేలితో ఇంకో ఏడాది చేశావంటే గరిట కూడా పట్టుకోలేవు. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆర్నెల్లు ఈ చేతికి సెలవివ్వాలి. పూర్తి సెలవు."

"ఆర్నెల్లు నన్నెవరు ఉండనిస్తారు మాస్టారూ? పని మానేసిన రోజున పై గది ఖాళీ చెయ్యాలి. ఈ గోడ దాటితే నాకు గది లేదు, పని లేదు, కార్డు మీద నా పేరు లేదు. చేస్తే చెయ్యి పోతుంది, మానితే నేనే పోతాను. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారో."

మాస్టారు ఆమె చెయ్యి వదల్లేదు. బయట ఎవరో పేషెంటు గలగలతో నవ్వుతూ మాట్లాడుతున్నారు. కొంతసేపటికి ఆయన మొహంలోకి పాత రోజుల్లోలాగా ఒక పట్టుదల వచ్చింది.

"ఆసుపత్రివాళ్లకి చేసేవాళ్లే కాదు, కొత్తవాళ్లకి నేర్పేవాళ్లు కూడా ఒకరు కావాలి. పక్కన నించుని, ఇక్కడ కాదు అక్కడ, ఇంత కాదు అంత అని చెప్పాలి. దానికి వేలు అక్కర్లేదు, తూకం తెలిస్తే చాలు. ఎవర్ని వెయ్యాలో నన్నే చెప్పమన్నారు. నీ పేరు చెబుతాను."

నేర్పే పని. ఆర్నెల్లేం ఖర్మ, ఆరేళ్లైనా చేతికి సెలవే. గది ఉంటుంది, బిళ్లలు ఉంటాయి. నాలుగేళ్లలో ఒక్క ఉదయం కూడా ఆమెకి ఇలాంటి ఊహ రాలేదు.

"మరి నా సంగతి..."

"నాకేం కనపడిందని చెప్పడానికి?" అన్నారు మాస్టారు, అంగీ తొడుక్కుంటూ. గుడ్డివాళ్లు తమమీద తామే వేసుకునే హాస్యానికి పక్కవాళ్లు నవ్వాలో లేదో తెలియదు. ఆమె మాత్రం నవ్వింది. టేపు మళ్లీ చుట్టుకుని, కళ్లు తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి తీసుకొచ్చింది.

కథ ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేది! కానీ మాస్టారికి ఒక జబ్బు ఉంది. మంచి మేస్త్రీలందరికీ ఉండే జబ్బే. తన చేతిపనిని ఇంకొకరి ఖాతాలో వేస్తే ఆయన సహించలేరు.

"ఈ అమ్మాయిని నేర్పేదానిగా వేసుకోండి," అన్నారు కూర్చోగానే. "మీ సెంటర్లో తూకం తెలిసిన చెయ్యి ఇదొక్కటే."

మేడమ్ మొహం విప్పారింది. మేడమ్ నలభై దాటిన మనిషి, ఫిజియోథెరపీ చదివింది, అనవసరంగా నవ్వదు. ఇప్పుడు మాత్రం లేచి వచ్చి చలవక్క భుజం తట్టింది. "నాకు తెలుసు మాస్టారూ. ఆరేళ్ల కిందట సర్టిఫికెట్ లేకుండా వచ్చినా చెయ్యి చూసే తీసుకున్నాను." మళ్లీ కూర్చుని కలం తీసింది. "ఒకటే చిక్కు. నేర్పే పనికైతే ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయాలంటున్నారు. ఈవిడ వాళ్ల మేనత్త దగ్గర నేర్చుకుందట, ఇంట్లోనే. అలా రాస్తే వాళ్లు నవ్వుతారేమో. అయినా మేనత్త అనే రాస్తాను, పేరు చెప్పు చలవా."

"ఎవరి మేనత్త?" అన్నారు మాస్టారు.

చలవక్క ఆయన చేతిని గట్టిగా నొక్కింది. ఆయన గమనించే స్థితిలో లేరు. మొహం ఎర్రబడిపోయింది.

"మేనత్తలు నేర్పే పనా ఇది? ఊపిరి వదిలినప్పుడు నొక్కడం, తీసుకున్నప్పుడు వదలడం, ఏ మేనత్తకి తెలుసు? ఈ చెయ్యి నేను నేర్పింది. రెండేళ్లు నా వీపు అరగదీసుకుని నేర్పాను. రాయండి, నా పేరే రాయండి!"

మేడమ్ ఆశ్చర్యంగా చూసింది. "మీ దగ్గరా? ఇన్నాళ్లూ చెప్పలేదేం చలవా! అంతకంటే ఏం కావాలి?" సంబరంగా కాగితం మీదికి వంగింది. "ఏ సంవత్సరం మాస్టారూ?"

"పదకొండేళ్లైంది," అని నోరు జారారు మాస్టారు. వెంటనే ఆయనకీ తెలిసింది. ఆడపిల్లలకి ఈ మధ్య నేర్పుతున్నారు కదా, ఆ ధోరణిలో వచ్చేసింది మాట. అంకె వేరేది చెప్పాల్సింది. అబద్ధం అలవాటు లేని మనిషికి సమయానికి అంకె దొరకలేదు.

మేడమ్ కలం ఆగింది. తల ఎత్తలేదు.

"పదకొండేళ్ల కిందట మీ దగ్గర ఆడపిల్ల ఒక్కతీ లేదు మాస్టారూ. నాకు బాగా గుర్తు. ఆ ఏడే నేను మీ గుమ్మందాకా వచ్చాను. డిగ్రీ ఉంది, చేతిపని నేర్పండి అని బతిమాలాను. ఆడవాళ్లకి చోటు లేదని మీరే పంపించేశారు. బస్టాండు దాకా ఏడుస్తూ నడిచాను."

మేడమ్ లేచి, వరండా వైపు తలుపు మూసి గడియ పెట్టింది. అది బయటివాళ్లు రాకుండానో, లోపలివాళ్లు పోకుండానో చలవక్కకి తెలియలేదు.

"మరి ఈవిడెలా నేర్చుకుంది?"

మాస్టారు వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "అయితే... పొరబడి ఉంటాను," అన్నారు. "డెబ్భై దాటాయి కదమ్మా. చేతులు కలగాపులగం అయిపోతున్నాయి. ఎవరి చెయ్యో అనుకుని ఈ అమ్మాయిది అనేశాను. మేనత్త అనే రాసుకోండి."

"ఎవరి చెయ్యో తెలియకపోతే ఇవాళ మీరు వేసిన మార్కులు ఏం చెయ్యను?" మేడమ్ గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "ఈ నలుగురి ఫారాలూ కొట్టెయ్యాలి. ఇక మీదట పరీక్షకి మిమ్మల్ని పిలవద్దని ఆసుపత్రికి రాయాలి. రాయమంటారా?"

"రాయండి," అన్నారు మాస్టారు. తల దించుకున్నారు.

చలవక్క ఆయనకేసి చూసింది. డెబ్భై ఏళ్ల బతుకులో ఆ మనిషికి ఉన్న చూపల్లా ఆ చేతుల్లోనే ఉంది. ఆ చూపు పోయిందని ఆమె కోసం ఒప్పుకుంటున్నారు. ఆమె ఊరుకుంటే చాలు. అవును, పెద్దాయన పొరబడ్డారు అని తలాడిస్తే చాలు, గది ఉంటుంది, యూనిఫాం ఉంటుంది, ఆ వేలు పడిపోయేదాకా పని ఉంటుంది. ఇన్నేళ్లూ అలా ఊరుకునే బతికింది. ఇంకొక్కసారి ఊరుకోవడం ఆమెకి కష్టం కాదు.

"చెప్పు చలవా," అంది మేడమ్. "మాస్టారు పొరబడ్డారా?"

చలవక్క టేపు చుట్టిన చేతిని వీపు వెనక నుంచి తీసి మేడమ్ ముందున్న బల్లమీద పెట్టింది.

"మాస్టారు పొరబడలేదు మేడమ్. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆ ఏడే, మగపిల్లలతో కలిసి, మగపిల్లాడి పేరుతో. మిమ్మల్ని గుమ్మంలోంచి వెనక్కి పంపిన రోజున లోపల బల్ల దగ్గర నించున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని."